ఎనిమిదో సైజు తెస్తానని లోపలికి వెళ్లిన మనిషి ఏమయ్యాడు?

[గోడ నిండా షూస్, అన్నీ ఒంటి కాలివే. ప్రెజెంటర్ చేతిలో ఒకటి.]

పెద్ద స్పోర్ట్స్ బ్రాండ్ ఫ్లాగ్‌షిప్ స్టోర్. సెలవు రోజు సాయంత్రం. గోడ మీద ఒక షూ మీకు నచ్చింది. చేతిలోకి తీసుకుని "ఇందులో ఎనిమిదో సైజుందా?" అని అడిగారు. "ఒక్క నిమిషం సార్" అని ఆ అబ్బాయి లోపలికి వెళ్లాడు. అంతే. పది నిమిషాలైంది, పదిహేనైంది, అజాపజా లేడు. ఓపిక పట్టలేక ఇంకో అమ్మాయిని పిలిచి అదే షూ, అదే సైజు అడిగారు.

ఆ రెండోసారి అడగడం ఉంది చూశారా, ఈ వీడియో దాని గురించే.

ఇంటికొచ్చాక అందరూ అనే మాట ఒకటుంది. "అంత పెద్ద షాపు, అంతమంది స్టాఫ్, ఒక్కరికీ పట్టింపు లేదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అలాంటి ఒక స్టోర్‌లో, షూ సెక్షన్‌లో, ఒక సీజన్ మొత్తం పనిచేశాను. పట్టింపు లేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు, అది కాదనను. కానీ ఆ పదిహేను నిమిషాల వెనక చాలాసార్లు ఉండేది బద్ధకం కాదు, ఒక లెక్క. ఆ లెక్క ఇప్పుడు చూద్దాం.

[బావి బొమ్మ. విశాలమైన గట్టు, రెండు గిలకలు.]

ఒక బావిని ఊహించుకోండి. గట్టు ఎంతో విశాలంగా, నున్నగా, అందంగా కట్టారు. చుట్టూ యాభై మంది బిందెలతో నిలబడినా ఇరుకనిపించదు. కానీ గిలకలు రెండే. నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. గట్టు ఎంత పెద్దదైతే ఏం లాభం? ప్రతి బిందే ఆ రెండు గిలకల మీదుగా వచ్చిన నీళ్లతోనే నిండాలి.

ఫ్లాగ్‌షిప్ స్టోర్‌లో మీకు కనిపించేదంతా గట్టు. స్టాక్ రూమ్ బావి. లోపలికి వెళ్లి పెట్టె వెతికి తెచ్చే మనిషిని మేం రన్నర్ అనేవాళ్లం. ఆ మనిషే చేద.

ఫ్లాగ్‌షిప్ అనేది నౌకాదళం మాట. దళాధిపతి ఎక్కిన ఓడ మీద ఆయన జెండా ఎగురుతుంది, అది ఫ్లాగ్‌షిప్. బ్రాండ్లకూ అలాంటి షాపులు కావాలి, ఊరంతా వచ్చి చూసేలా. నైకీ 1990లో పోర్ట్‌లాండ్‌లో మొదటి నైక్‌టౌన్ తెరిచింది. 2018లో న్యూయార్క్‌లో హౌస్ ఆఫ్ ఇన్నొవేషన్ అని తెరిచింది, ఆరు అంతస్తులు, 68,000 చదరపు అడుగులు. ఇలాంటివి సాధారణంగా నగరంలో ఖరీదైన చోటే ఉంటాయి. అక్కడ ప్రతి అడుగూ సరుకు చూపించడానికే కావాలి. అందుకే పెట్టెలు దాచే గదిని కింది సెల్లార్‌లోకో, పై అంతస్తులోకో నెట్టేస్తారు. గట్టు పెరిగినకొద్దీ బావి లోతవుతుందన్నమాట. పెద్ద షాపు కదా, త్వరగా తెస్తారు అని మనం అనుకుంటాం. నిజానికి పెద్ద షాపు కాబట్టే దూరం.

ఆ గదిలో ఎన్ని పెట్టెలుంటాయో చూడండి. ఒక మోడల్, ఒక రంగు. 6 నుంచి 12 దాకా హాఫ్ సైజులతో కలిపి 13 సైజులు. రంగులు నాలుగైతే 52. అలాంటి మోడల్స్ వంద ఉంటే 5,200 రకాల పెట్టెలు. ఒక్కో రకంలో ఒకటో రెండో జతలు. అన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, తేడా అంచున ఉన్న అరచేతి కన్నా చిన్న లేబుల్‌లో ఉంటుంది. నిచ్చెన ఎక్కి, మెడ వంచి, ఆ లేబుళ్లు చదువుకుంటూ పోవాలి.

[తెర మీద: గంటకు 15]

ఇక లెక్క. ఒక రన్నర్‌కు ఒక జత వెతికి తేవడానికి సగటున 4 నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకు 15 జతలు తేగలడు. గంటకు 12 మంది అడిగారు. పదిహేను చేయగలిగిన మనిషికి పన్నెండు పనులే కదా, ఎవరూ ఆగాల్సిన పనే లేదు అనిపిస్తుంది. కానీ రద్దీ అదే తీరున సాగితే, మీ వంతు రావడానికే సగటున 16 నిమిషాలు పడుతుంది. వెతకడానికి పట్టే నాలుగు దీనికి అదనం.

ఎందుకంటే మనుషులు అయిదు నిమిషాలకొకరు చొప్పున లెక్కగా రారు. కాసేపు ఎవరూ ఉండరు, తర్వాత ఒకేసారి అయిదుగురు అడుగుతారు. మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా గడిచిన నిమిషాన్ని దాచుకుని సాయంత్రం ఆరింటికి వాడుకోలేం. ఎవరూ లేనప్పుడు చేద గట్టు మీద ఉంటుంది, అందరూ వచ్చినప్పుడు ఒక్క చేదే ఉంటుంది. పైగా ఒక జత అరనిమిషంలో దొరుకుతుంది, ఇంకో జతకు పది నిమిషాలు పడుతుంది.

ఈ లెక్కకు పునాది వేసిన మనిషి డెన్మార్క్‌కు చెందిన ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎన్ని లైన్లుంటే ఫోన్ చేసేవాళ్లు ఎంతసేపు ఆగాలి అన్నది ఆయన ప్రశ్న. 1909లో దీని మీద మొదటి వ్యాసం రాశాడు. టెలిఫోన్ లైన్లకు పనికొచ్చిన లెక్క షూ పెట్టెలకూ అక్షరాలా పనికొస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 12 మందిలో ఇద్దరు ఓపిక పట్టలేక రెండో మనిషిని కూడా అడిగారు. కొత్తవాళ్లెవరూ రాలేదు. మనుషులు పన్నెండు మందే, అడిగినవి మాత్రం 14 అయ్యాయి. ఇప్పుడు ఎంతసేపు ఆగాలి?

[తెర మీద: 16 చెరిగి 56]

అదే తీరున సాగితే సగటున 56 నిమిషాలు. రెండంటే రెండు పెరిగాయి, నిరీక్షణ మూడు రెట్లు దాటింది. పని సామర్థ్యానికి దగ్గరపడే కొద్దీ క్యూ నిలువునా లేస్తుంది. ఒకే బిందె కోసం రెండుసార్లు చేద వేయించడం లాంటిది ఇది. మీ బిందె త్వరగా నిండదు, గట్టు మీద అందరి బిందెలూ ఆలస్యమవుతాయి.

ఇంకో చిక్కుంది. మొదటి అబ్బాయి ఆ పెట్టె తీసుకుని మెట్లెక్కుతుంటాడు. లోపల, మీరు రెండోసారి అడిగిన అమ్మాయి దాని కోసం అప్పుడే ఖాళీ అయిన అరను వెతుకుతుంటుంది. ఉన్నదాన్ని వెతకడం కన్నా లేనిదాన్ని వెతకడానికే ఎక్కువసేపు పడుతుంది, ఎక్కడ ఆపాలో తెలియదు కాబట్టి. చివరికి ఆమె వచ్చి "లేదు సార్" అంటుంది, సరిగ్గా అప్పుడే అతను పెట్టెతో వస్తాడు. "చూశావా, చూడకుండానే లేదని చెప్పేసింది" అంటారు. ఆ మాట పడ్డ అమ్మాయి ముఖం నేను చూశాను. ఎనిమిది గంటలుగా నిలబడే ఉంది.

ఇదే లెక్క నుంచి ఒక మంచి మాట కూడా వస్తుంది. ఇద్దరు రన్నర్లు గంటకు పన్నెండేసి మంది చొప్పున ఎవరి కస్టమర్ల పెట్టెలు వాళ్లే తెచ్చుకుంటే ఒక్కో వరసలో 16 నిమిషాలు. అదే ఇద్దరూ ఒకే ఉమ్మడి వరస నుంచి పని తీసుకుంటే సుమారు 7 నిమిషాలు. జీతం పెరగలేదు, మనుషులు పెరగలేదు. అందుకే మంచి స్టోర్లలో మీతో మాట్లాడే మనిషి లోపలికి వెళ్లరు. చేతిలో ఉన్న చిన్న మెషీన్‌లో మీ సైజు కొట్టి పంపిస్తారు, లోపల ఉన్న రన్నర్ తెస్తారు. ఆ మెషీన్ చూడటానికి ఫోన్‌లా ఉంటుంది. "నేను నిలబడి ఉంటే ఫోన్ చూసుకుంటున్నాడు" అని కోప్పడేవాళ్లు రోజూ ఉండేవారు. ఆ చూసుకునేది మీ పెట్టె గురించే.

[ప్రెజెంటర్ ఒక షూ పెట్టె తెరుస్తారు.]

సరే, మెషీన్‌లో "1 జత ఉంది" అని చూపిస్తుంది, లోపల మాత్రం దొరకదు. ఇదెలా? బావిలో కనిపించేదంతా నీళ్లు కాదు, ఒక్కోసారి నీడ. నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెందిన 37 స్టోర్లలో దాదాపు 3,70,000 స్టాక్ రికార్డులు పరిశీలించారు. 65 శాతం రికార్డుల్లో కంప్యూటర్ అంకె ఒకటి, అరలో ఉన్నది ఇంకొకటి. 2008లో అచ్చయింది ఆ వ్యాసం. దొంగతనం ఒక కారణమే, కానీ అదొక్కటే కాదు. స్కాన్ తప్పుతుంది, తప్పు అరలో పెడతారు, బిల్లింగ్‌లో రెండు వేర్వేరు రంగుల్ని ఒకే రంగుగా కొడతారు.

నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఒక తండ్రి తన కొడుక్కి ఎనిమిదో సైజు అడిగారు. మర్నాడే ఆ అబ్బాయికి పరుగు పోటీ. మెషీన్‌లో ఒకటి ఉందని ఉంది. పావుగంట వెతికితే పెట్టె దొరికింది. పిల్లాడు బెంచీ మీద కూర్చుని, పల్చటి కాగితం విప్పి, ఎడమ కాలికి వేసుకున్నాడు. కరెక్టుగా సరిపోయింది, ముఖం వెలిగిపోయింది. కుడి కాలిది వేసుకుంటే మడమ జారిపోతోంది. షూ నాలుక వెనక ఉన్న సైజు చూశాను. ఎడమది 8, కుడిది 9. అంతకుముందు ఎవరో రెండు సైజులూ తెప్పించుకుని చూసి, హడావుడిలో పెట్టెల్లో తారుమారుగా సర్దేశారు. కంప్యూటర్ దృష్టిలో రెండు జతలున్నాయి, అమ్మడానికి ఒక్క జతా లేదు. "ఇంత పెద్ద షాపులో ఇదేంటండీ" అని ఆ తండ్రి కోపంగా అనలేదు, నీరసంగా అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అందుకే నాదొక విన్నపం. మూడు సైజులు తెప్పించుకోండి, అది మీ హక్కు, ఎవరూ విసుక్కోకూడదు. వదిలేసేటప్పుడు మాత్రం ఏ పెట్టెలోది ఆ పెట్టెలోనే పెట్టండి.

మూడు సైజులు ఎందుకు తెప్పించుకోవాల్సి వస్తుంది? ఇంగ్లిష్ సైజుల్లో ఒక సైజంటే ఒక బార్లీ గింజ పొడవు, అంగుళంలో మూడో వంతు. హాఫ్ సైజుకు తేడా 4 మిల్లీమీటర్లు, కొంచెం ఎక్కువ. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బినా సైజు మారిపోవచ్చు. పైగా ఎనిమిదంటే అందరికీ ఒకటే ఎనిమిది కాదు. మగవాళ్ల షూస్‌లో యూకే 8 అంటే నైకీ లేబుల్ మీద 27 సెంటీమీటర్లు, అడిడాస్ లేబుల్ మీద 26.5. అందుకే యూకే, యూఎస్ నంబర్లు పక్కన పెట్టి సెంటీమీటర్ల అంకె చూసి అడగండి. ఈ ఒక్క పని చేస్తే రన్నర్ ఒకసారి తక్కువ తిరుగుతారు. కొలవడానికి ఇనుప పలకలా ఉండే బ్రానాక్ పరికరం ఉంటే రెండు పాదాలూ కొలిపించుకోండి, పెద్ద పాదం సైజే తీసుకోండి.

[గడియారం చూసుకుంటూ]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్రయల్ రూమ్ దగ్గరా ఇదే లెక్క, గదులే గిలకలు. వేసుకుని చూసి వదిలేసిన బట్టలు తిరిగి ర్యాక్‌కు చేరేదాకా కంప్యూటర్‌లో ఉంటాయి, మీకు కనిపించవు. "వెబ్‌సైట్‌లో ఉందని చూపిస్తోంది" అన్నదానికి సగం జవాబు అక్కడి గుట్టలో ఉంటుంది. రిటర్న్ కౌంటర్ విడిగా ఎందుకంటే ఒక్కో రిటర్న్‌కు ఎక్కువసేపు పడుతుంది, బిల్లింగ్ వరసలో కలిపితే అందరూ ఆగిపోతారు.

ఇక స్టోర్ నడిపేవాళ్లకు ఒక మాట. తప్పంతా కస్టమర్‌దే అని నేననడం లేదు. మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో నిరీక్షణ గురించి రాసినదాంట్లో రెండు మాటలు నాకు బాగా గుర్తు: ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసిన నిరీక్షణ కన్నా ఎక్కువగా తోస్తుంది, కారణం చెప్పనిది చెప్పినదానికన్నా ఎక్కువగా తోస్తుంది. "ఒక్క నిమిషం సార్" అనడం మానేసి "మీ ముందు నలుగురున్నారు, ఇరవై నిమిషాలు పట్టొచ్చు, ఈలోగా ఇవి చూస్తారా?" అనమని నేర్పండి. ఆ మాట అనే వీలు స్టాఫ్‌కు ఇవ్వండి. సగం మంది రెండోసారి అడగరు.

ఆ తండ్రీకొడుకుల జత సంగతి చెప్పలేదు కదా. రాత్రి షట్టర్ దించాక పెట్టెలన్నీ సర్దుతుంటే తొమ్మిదో సైజు పెట్టెలో ఆ కుడి కాలి ఎనిమిది దొరికింది. రెండూ కలిపి, కాగితం చుట్టి, సరైన పెట్టెలో పెట్టాను. వాళ్ల ఫోన్ నంబర్ తీసుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు. మర్నాడు తలుపులు తీసిన గంటలోపే ఆ జత అమ్ముడుపోయింది, వేరెవరికో.