కొత్త ల్యాప్‌టాప్‌లో సెవెన్ ఎక్కుతదా?

(నల్గొండలో డీటీపీ, ప్రింటింగ్, కంప్యూటర్ సర్వీసు పనుల్లో ఉన్నవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. డీటీపీ అన్నలకు, అక్కలకు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లకు, మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి వచ్చిన ఆపరేటర్లకు, నాలాగే స్క్రూడ్రైవర్ మీద బతికే సర్వీసు తమ్ముళ్లకు.

పెండ్లిళ్ల సీజను మొదలైందంటే నా షాపుకు ఒక రకం గిరాకీ వస్తుంది. చేతిలో కొత్త ల్యాప్‌టాప్, మూత మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. "అన్నా, ఇండ్ల లెవెన్ ఉన్నది, తీసేసి సెవెన్ ఎక్కియ్యి" అంటారు. అంటే కొత్త విండోస్ లెవెన్ తీసి పాత విండోస్ సెవెన్ వేయమని. ఎందుకని అడిగితే డీటీపీ వాళ్లు "పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు" అంటారు. మిల్లు వాళ్లు ఇంకో మెట్టు కిందికి దిగి "మా కాంటా సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ మీద తప్ప నడ్వది" అంటారు.

నవ్వేవాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అదే దాని చివరి వెర్షన్. దాన్ని తయారుచేసిన అడోబీ వాళ్లు ఆ తర్వాత అదే పని చేసే ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయారు. మనం వెళ్లలేదు. వెళ్లకపోవడానికి కారణం బద్ధకం కాదు. శుభలేఖ మాటర్లు, కరపత్రాలు, పాంప్లెట్లు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఏళ్లకేళ్లుగా కొట్టి పెట్టుకున్న ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద కండ్లు మూసుకొని కొట్టే వేళ్లు ఉన్నాయి. ముహూర్తం రెండు రోజులుందనంగా కార్డు కావాలని వచ్చే పెండ్లివారికి "ఆగండి, నేను కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నా" అని ఎవరు చెప్పగలరు?

కాబట్టి అవసరం నిజమే. అయితే ఆ అవసరం ఒక్క ప్రోగ్రాముది. దాని కోసం మొత్తం ల్యాప్‌టాప్‌నే పదిహేనేండ్లు వెనక్కి నడిపించాలా అన్నదే ఇవాళ నేను మాట్లాడదామనుకున్నది.

ముందు నేరుగా ఎక్కిస్తే ఏమవుతుందో చెబుతా. సర్వీసు తమ్ముళ్లకు ఇది తెలిసిన కథే, మిగతావాళ్లు వినాలి.

పెన్‌డ్రైవ్‌లో సెవెన్ తయారుచేసి పెడతాం. విండోస్ ఫైల్స్ లోడ్ అవుతున్నాయని గీత నిండుతుంది, మనకు ఆశ పుడుతుంది. భాష ఎంచుకునే తెర వస్తుంది. అక్కడ మౌస్ బాణం కదలదు. బయటి మౌస్ పెట్టినా కదలదు. కీబోర్డుతో ఎట్లనో కిందామీదా పడి ఇన్‌స్టాల్ నొక్కితే, సీడీ/డీవీడీ డ్రైవుకు కావలసిన డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, లేదని పెట్టె వస్తుంది. ఈ ల్యాప్‌టాప్‌కు అసలు సీడీ డ్రైవే లేదు కదా అని ఓనరు మన మొహం చూస్తాడు. అసలు సంగతేమిటంటే, మొదటి గీత నిండేదాకా పెన్‌డ్రైవ్‌ను చదివింది ల్యాప్‌టాప్ బయాస్, అంటే విండోస్ కన్నా ముందు లేచే మూల ప్రోగ్రాము. ఆ తర్వాత పగ్గాలు సెవెన్ చేతికి వచ్చాయి. సెవెన్ 2009 అక్టోబరులో వచ్చింది. దాని సెటప్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. 2015లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన చిప్‌సెట్ల నుంచి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసేశారు. దాంతో ఏ పెన్‌డ్రైవ్‌లో నుంచి తాను లేచిందో ఆ పెన్‌డ్రైవే సెవెన్‌కు కనబడదు.

సరే, యూఎస్‌బీ డ్రైవర్‌ను సెటప్‌లో ముందే కలిపి మళ్లీ పెట్టామనుకుందాం. ఇప్పుడు డిస్కు కనబడదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు. సెవెన్‌కు అది పరిచయం లేదు. మైక్రోసాఫ్ట్ తర్వాత విడుదల చేసిన హాట్‌ఫిక్స్ అనే సవరణను అందులో కలపాలి. అది కూడా కలిపితే డిస్కు కనబడుతుంది కానీ, ఇది జీపీటీ డిస్కు (కొత్త పద్ధతిలో భాగాలు చేసింది), ఇందులో ఎక్కించలేనంటుంది. ఆ మాటకు భయపడి ఉన్న పార్టిషన్లన్నీ చెరిపేసే తొందరగాళ్లు ఉన్నారు. కంపెనీ ఇచ్చిన రికవరీ పార్టిషన్ కూడా దాంతోపాటే పోతుంది.

ఇదంతా పాత బయాస్ పద్ధతి ఇంకా ఉన్న యంత్రాల సంగతి. అది లేనివాటిలో అసలు గోడ మొదట్లోనే, భాష తెర రాకముందే వస్తుంది. దీన్ని దాటడమే కష్టం. 'స్టార్టింగ్ విండోస్' అన్న అక్షరాలు వస్తాయి. రంగురంగుల చుక్కలు తిరుగుతూ వచ్చి జెండాగా మారాలి కదా, ఆ చుక్కలు రావు. గంటసేపు చూసినా అక్షరాలే. తెర మీద బొమ్మ వేయడానికి సెవెన్ పాత బయాస్‌లోని వీడియో సేవను అడుగుతుంది. పాత పద్ధతిని అనుకరించే సీఎస్ఎం అనే ఆప్షన్ ఒకప్పుడు బయాస్‌లో ఉండేది. 2020 నాటికి ఆ పాత బయాస్ మద్దతును తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. ఇప్పుడు కొనే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ ఆప్షనే కనబడదు. దీనికీ విరుగుడుగా కొందరు ఔత్సాహికులు చిన్న ప్రోగ్రాములు రాశారు, కొన్ని యంత్రాల్లో పనిచేస్తాయి కూడా. సరదాకు చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు. గిరాకీ ల్యాప్‌టాప్ మీద ఆ ప్రయోగం వద్దని తమ్ముళ్లకు నా మాట.

ఇంత చేసి ఎక్కిందే అనుకోండి. తెర 1024 బై 768లో సాగదీసినట్టు ఉంటుంది, పెండ్లికూతురు మొహం అడ్డంగా లావవుతుంది. వైఫై రాదు. టచ్‌ప్యాడ్ రాదు. వెలుతురు తగ్గించలేం. డ్రైవర్ల కోసం కంపెనీ సైటుకు వెళ్తే టెన్, లెవెన్‌లకే ఉంటాయి. ఏడో తరం నుంచి వచ్చే ప్రాసెసర్ల మీద టెన్‌కు తప్ప సపోర్టు ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పి, 2017లో అలాంటి యంత్రాల్లోని సెవెన్‌కు అప్‌డేట్లు కూడా ఆపేసింది.

ఎక్స్‌పీ సంగతి అడగకండి. డిస్కుతో మాట్లాడే సాటా ఏహెచ్‌సీఐ పద్ధతి కూడా దానికి తెలియదు. డిస్కు దగ్గరికి రాగానే నీలం తెర, దాని మీద 7బీ అనే కోడు. వెనుకటి యంత్రాల్లో బయాస్‌లోకి పోయి పాత ఐడీఈ పద్ధతికి మార్చి దాటించేవాళ్లం. ఇప్పుడు మార్చడానికి అక్కడ ఐడీఈ ఉండదు.

ఇక రక్షణ. సెవెన్‌కు అందరికీ ఇచ్చే సపోర్టు 2020 జనవరి 14న ఆగిపోయింది, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న. 2017 మేలో వాన్నాక్రై ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. దానికి మందు మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చింది. వేసుకోని సెవెన్ యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. అప్పుడు కనీసం అప్‌డేట్ వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. పైగా మన డీటీపీ షాపుల్లో రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెడుతూ తీస్తూ ఉంటాం. క్రోమ్ కూడా 109 తర్వాత సెవెన్‌కు రావడం మానేసింది. అదే సిస్టంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ఇక్కడ ఉంటే, చేతులెత్తమని అడగను.

మరి పేజ్‌మేకర్ ఎట్ల?

దీనికి దారి చూపింది మైక్రోసాఫ్టే. 2009లో సెవెన్ వచ్చినప్పుడు, ఎక్స్‌పీ వదలలేని ఆఫీసుల కోసం సెవెన్ ప్రొఫెషనల్ వాళ్లకు 'ఎక్స్‌పీ మోడ్' అని ఒకటి ఇచ్చారు. సెవెన్ లోపల ఒక కిటికీలో పూర్తి ఎక్స్‌పీ నడిచేది. వర్చువల్ మెషీన్ అంటే అదే. కొత్త ఇల్లు కట్టుకున్నాక పాత ఇంటి దేవుడి అర్రను అట్లనే తెచ్చి లోపల పెట్టుకున్నట్టు. ఇవాళ ఆ పని చేసే ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోను 2024లో ఇంటి వాడకానికి, తర్వాత వ్యాపారాలకు కూడా ఉచితం చేశారు.

ఇందులో సెవెన్ ఎక్కిస్తే పైన చెప్పిన గోడలేవీ అడ్డురావు. ఎందుకంటే వర్చువల్ మెషీన్ సెవెన్‌కు చూపించేది నిజమైన ల్యాప్‌టాప్‌ను కాదు. పాత డిస్కు, పాత బయాస్, పాత నెట్‌వర్కు కార్డు ఉన్న ఒక ఊహా కంప్యూటర్‌ను చూపిస్తుంది. లోపలి సెవెన్ తాను 2009లోనే ఉన్నాననుకొని హాయిగా లేస్తుంది. ఎక్స్‌పీ కూడా అంతే.

బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి. ఏఎండీ యంత్రాల్లో దాన్ని ఎస్‌వీఎం అంటారు. అయితే బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు ఒక పని ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటి డిస్కుకు బిట్‌లాకర్ రకం తాళం తెలియకుండానే పడి ఉంటుంది. సెక్యూర్ బూట్ లాంటిది కదిలిస్తే, తెరవగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా ఓనరు మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఆ అకౌంటు దుకాణంలో ల్యాప్‌టాప్ అమ్మిన పిల్లగాడు తన ఫోన్‌తో తెరిచిందైతే ఇక అంతే సంగతులు. ముందు కీ రాసుకోండి, తర్వాత బయాస్.

32 బిట్ సెవెన్‌కు 2 జీబీ ర్యామ్, 30 జీబీ డిస్కు ఇస్తే పేజ్‌మేకర్‌కు సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ఉంటే బయట క్రోమ్, లోపల పేజ్‌మేకర్ రెండూ నడుస్తాయి. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ అని ఉంటుంది, అది వేస్తే తెర నిండా వస్తుంది, షేర్డ్ ఫోల్డర్ వస్తుంది. తర్వాత చాలామంది చేయని పని ఒకటి చేయండి. లోపలి మెషీన్‌కు నెట్‌వర్కు కార్డు తీసేయండి. లోపల మాటర్ కొట్టి, పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, ప్రింట్ బయట లెవెన్ నుంచి ఇవ్వండి. కొత్త ప్రింటరుకు సెవెన్ డ్రైవర్ వెతికే బాధ కూడా తప్పుతుంది. అన్నీ కుదిరాక ఒక స్నాప్‌షాట్, అంటే లోపలి మెషీన్ అప్పుడున్న స్థితికి నకలు, తీసి పెట్టుకుంటే, రేపు లోపల వైరస్ వచ్చినా మళ్లీ ఫార్మాట్ కొట్టే పని లేదు, రెండు క్లిక్కుల్లో వెనక్కి రావచ్చు. కాకపోతే షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లకు ఆ రక్షణ ఉండదు, వాటికి విడిగా బ్యాకప్ ఉండాలి.

లైసెన్సు గురించి దాచకుండా చెబుతా. పాత సీపీయూ మీద అంటించి ఉన్న సెవెన్ స్టిక్కరు ఆ సీపీయూకే చెల్లుతుంది, దాన్ని పీకి ఇందులో వాడటం నిబంధనల ప్రకారం కుదరదు. విడిగా కొన్న రిటైల్ కాపీ ఉంటే వాడుకోవచ్చు. చేతులు మారుతూ తిరిగే 'ఆల్ ఇన్ వన్' పెన్‌డ్రైవ్‌లలో ఎవరేం కలిపారో దేవుడికే తెలియాలి.

పాత మాటర్ పక్కన పెడితే, కొత్త పని సంగతేమిటి? అనూ ఫాంట్లు యూనికోడ్, అంటే ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే చదవగలిగే పద్ధతి, కావు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే 'శుభలేఖ' అన్నది పిచ్చి గీతలవుతుంది. కొత్తగా కొట్టే మాటర్ యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టమనే నేనంటా. ఇన్‌డిజైన్ కొనలేకపోతే స్క్రైబస్ ఉచితం, కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, పొన్నల ఉన్నాయి. మన పాలమూరు వాళ్లకు ఇష్టమవుతుంది, సురవరం ప్రతాపరెడ్డి పేరున కూడా ఒక ఫాంటు ఉంది. అయితే శుభలేఖలకు అనూలో ఉన్నన్ని వయ్యారాల ఫాంట్లు యూనికోడ్‌లో ఇంకా లేవన్నది నేనూ ఒప్పుకుంటా. అందుకే పాతది లోపల, కొత్తది బయట, రెండూ కొన్నేండ్లు పక్కపక్కన నడవాల్సిందే.

మిర్యాలగూడ తమ్ముళ్లది వేరే కథ. కాంటా ఇండికేటర్ బరువును తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్‌లో పంపుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ పెడితే లెవెన్ దానికి కామ్ 3 అనో కామ్ 5 అనో పేరు పెడుతుంది. పాత కాంటా సాఫ్ట్‌వేర్‌లో చాలావాటికి కామ్ 1 తప్ప ఇంకోటి తెలియదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో సీరియల్ పోర్ట్స్ అని ఉంటుంది. బయటి కామ్ 5ను లోపల కామ్ 1గా చూపించమని అక్కడ చెప్పొచ్చు. అంతటితో బరువు తెర మీదికి వస్తుంది. కానీ లారీలు వరుసకట్టి నిలబడే సీజనులో కాంటా మీద ఇన్ని అతుకులు పెట్టమని నేను గట్టిగా చెప్పను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో మూడో తరం, నాలుగో తరం ప్రాసెసర్లున్న పాత డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. సీరియల్ పోర్టు ఉన్నది చూసి తెచ్చుకోండి. వాటికి సెవెన్ డ్రైవర్లు కంపెనీలే ఇచ్చాయి, నేరుగా ఎక్కుతుంది. దానికి ఇంటర్నెట్ తీగ మాత్రం కలపకండి, కాంటా తప్ప ఇంకే పనీ చేయించకండి.

ఇప్పుడు ప్రొజెక్టర్ మీద ఒక ఖాళీ వర్చువల్ మెషీన్ తయారుచేసి చూపిస్తా. అది ఎక్కేలోపు టీ వస్తుంది. సీరియల్ కేబుల్ తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, మీ కామ్ నంబరు ఇక్కడే చూసి పెడదాం.