మ్యాప్ మీద చుక్కలు, షీట్ మీద ఎడారి బంతి

(తెర మీద: హెర్బేరియం, అంటే ఎండు మొక్కల్ని భద్రపరిచే చోటు, అందులోని పాత షీట్. అతికించిన ఎండు మొక్క, కుడి మూల కింద లేబుల్.)

కాస్త దగ్గరగా చూడండి. ఆకుల మీద తెల్లటి నూగు ఎంత ఒత్తుగా ఉందో! పువ్వు రేకులు కాగితంలా ఉన్నాయి కదా? ఎండబెట్టినందుకే అనుకోకండి. బతికున్న మొక్కలోనూ ఈ రేకులు వెంటనే రాలవు, పలచబడి కిందికి వాలి పువ్వునే పట్టుకుని ఉంటాయి.

పేరు బైలేయా మల్టీరేడియాటా. అమెరికా నైరుతి రాష్ట్రాల్లో, ఉత్తర మెక్సికోలో పెరుగుతుంది. అక్కడివాళ్లు డెజర్ట్ మారిగోల్డ్ అంటారు, మనం ఎడారి బంతి అనుకుందాం. బంతి, చామంతి కుటుంబమే. ముచ్చటైన పువ్వే కానీ గొర్రెలకు, మేకలకు విషం.

1846లో అమెరికా సైన్యం న్యూమెక్సికో మీదుగా కాలిఫోర్నియాకి వెళ్లినప్పుడు, విలియం ఎమరీ అనే ఇంజనీర్ అధికారి దారిలో మొక్కలు సేకరించాడు. 1848లో అచ్చయిన ఆయన నివేదికలోనే ఈ పేరు మొదటిసారి కనిపిస్తుంది. సైన్యం ఎటు నడిస్తే మొక్కలు అటువైపువే దొరికాయి మరి.

(తెర మీద: చుక్కల మ్యాప్. ఈ మొక్కని సేకరించిన చోటల్లా ఒక చుక్క.)

ఇప్పటి రికార్డులూ అంతే. సేకరించేవాళ్లు బండి ఆపేది రోడ్డు పక్కనే, చుక్కలూ అక్కడే పడతాయి. పైగా ఈ మొక్కకి రోడ్డంచు కంకర నేల నిజంగానే ఇష్టం, తారు మీద పడ్డ వాననీరు అక్కడికే జారుతుంది. చుక్క మొక్క అలవాటు చెబుతోందా, మనిషి అలవాటు చెబుతోందా? మ్యాప్ చూస్తే తేలదు, లేబుల్ చదవాలి. "గడ్డి మధ్య, ఇసుక నేల" అని ఎవరైనా రాసి ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఒకే రోజు కోసిన మొక్కల్ని నాలుగు హెర్బేరియంలకి పంచడం మామూలే. సేకర్త పేరు, నంబరు, తేదీ కలిస్తే అది ఒక్క సేకరణే, నాలుగుసార్లు లెక్కెయ్యకూడదు.

ఇక ఎప్పుడు పూసిందో తేల్చడానికి చాలామంది షీట్ మీది తేదీ చూస్తారు. ఇక్కడే ఆ కాగితపు రేకులు మోసం చేస్తాయి. రేకులున్నాయి కదా అని "పూత" అని రాసేస్తే, వారాల కిందటి పువ్వుని ఆ రోజు పూసినట్టు లెక్కేసినట్టే. అందుకే లెన్స్ పెట్టి పువ్వు నడిబొడ్డున ఉన్న సన్నటి పూలు చూడండి (మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పూల గుత్తి). అవి విచ్చుకుని పుప్పొడితో ఉన్నాయా, లేక అప్పటికే గింజ కట్టాయా?