అడక్కపోతే అంపైర్ అవుట్ ఇవ్వడు!

హాయ్ ఫ్రెండ్స్, క్రికెట్ ఎన్నేళ్ళుగా చూస్తున్నా చాలామందికి తెలియని రూల్ ఒకటుంది. బ్యాటర్ క్లియర్‌గా ఎల్బీ (వికెట్లకి తగలాల్సిన బాల్ కాలికి తగిలి అవుటవడం) అయినా సరే, ఫీల్డింగ్ టీమ్‌లో ఒక్కరైనా అప్పీల్ చేయకపోతే అంపైర్ వేలెత్తకూడదు. క్రికెట్ రూల్‌బుక్‌లో 31వ లా ఇదే. బౌలర్ వెనక్కి తిరిగి "హౌజాట్" అని గొంతు చించుకునేది అందుకే. అది కూడా తర్వాతి బాల్‌కి రనప్ మొదలయ్యేలోపు అడగాలి, లేటైతే ఇక అంతే.

[స్క్రీన్: ట్రెంట్‌బ్రిడ్జ్, 2011]

అప్పీల్ వాపస్ కూడా తీసుకోవచ్చు తెలుసా? ఇంగ్లండ్‌తో టెస్ట్, టీకి ముందు చివరి బాల్, ఫోర్ వెళ్ళిపోయిందనుకుని ఇయాన్ బెల్ క్రీజ్ వదిలేసి పెవిలియన్ వైపు నడిచేస్తున్నాడు, బాల్ ఏమో ఇంకా ఆటలోనే ఉంది, మనవాళ్ళు బెయిల్స్ లేపేసి అప్పీల్ చేశారు, అంపైర్లు అవుట్ ఇచ్చారు. రూల్ ప్రకారం కరెక్టే. కానీ టీ బ్రేక్‌లో కెప్టెన్ ధోని అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు, దాంతో 137 దగ్గర అవుటైన బెల్ మళ్ళీ వచ్చి 159 దాకా వెళ్ళాడు. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం, అయినా ధోని చేసింది మంచి పనే అని నేను ఇప్పటికీ గట్టిగా చెప్తా.

ఇక బాల్ పడకముందే నడిచే మాటలు మనకి టీవీలో సరిగ్గా వినపడవు. ఏ చేత్తో వేస్తాడో, ఓవర్ ద వికెటా (బాల్ వేసే చెయ్యి వికెట్ల పక్కన) రౌండ్ ద వికెటా (ఆ చెయ్యి వికెట్లకి దూరంగా) అన్నది బౌలర్ అంపైర్‌కి చెప్పాలి, అంపైర్ బ్యాటర్‌కి చెప్తాడు. చెప్పకుండా మార్చాడంటే నోబాల్!

డీఆర్‌ఎస్‌కి, అంటే అంపైర్ నిర్ణయాన్ని టీవీ రీప్లేలో మళ్ళీ చూడమని అడగడానికి, టైమ్ 15 సెకన్లు, చేతులతో ఇంగ్లిష్ 'T' ఆకారం చూపించాలి, డ్రెస్సింగ్ రూమ్ నుంచి సాయం మాత్రం తీసుకోకూడదు. 2017 బెంగళూరు టెస్ట్‌లో ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ స్మిత్ అటువైపు చూశాడు, అంపైర్ నైజెల్ లాంగ్ వెంటనే అడ్డుపడి ఆపేశాడు, కోహ్లీ కోపం అయితే అందరికీ గుర్తే ఉంటుంది.

ఇంకోటి, అంపైర్ మోకాలు పైకెత్తి చేత్తో తడితే లెగ్‌బై (బ్యాట్‌కి కాకుండా ఒంటికి తగిలిన బాల్‌కి వచ్చిన పరుగు) కదా, అది చూపించేది ప్లేయర్లకి కాదు, స్కోరర్‌కి. చూశానని స్కోరర్ చెయ్యెత్తో లైట్ వేసో చెప్పేదాకా అంపైర్ తర్వాతి బాల్ వేయనివ్వకూడదు. మన ఊళ్ళ టోర్నమెంట్లలో చెట్టు కింద స్కోర్‌బుక్ పట్టుకుని కూర్చునే అబ్బాయికి కూడా ఇదే రూల్.