ఆర్‌ఎస్ బ్యాడ్జి ఉంటే ఆర్‌ఎస్ అయిపోదు: పాత స్కోడా ఆక్టేవియా టర్బో కొనేముందు

[దృశ్యం: ఫోన్‌లో తీసిన వీడియో. అంబాజీపేట దగ్గర కొబ్బరితోట, చెట్టు నీడలో ఎర్ర ఆక్టేవియా. నంబర్ ప్లేటు మసకగా ఉంటుంది.]

నమస్కారం అండి. ఈ ఎర్ర స్కోడా ఆక్టేవియా చూశారుగా. ఆర్‌ఎస్ అంటే ఈ కారులో పవర్ ఎక్కువుండే స్పోర్ట్ రకం. డిక్కీ మీద ఆర్‌ఎస్ బ్యాడ్జి, గ్రిల్ మీద ఇంకో ఆర్‌ఎస్ బ్యాడ్జి, లోపల స్టీల్ పెడళ్లు, వెనక స్పాయిలర్. ప్రకటనలో ఏం రాశారంటే, "2005 ఆక్టేవియా ఆర్‌ఎస్, 1.8 టర్బో, 180 హెచ్‌పీ, సింగిల్ ఓనర్." ఆ ఫోటోలు చూసిన రాత్రి మా బావకి నిద్ర లేదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక సీనియర్ ఇదే మోడల్‌లో కాలేజీకి వచ్చేవాడట. అప్పటి కోరిక అది. పదకొండింటికి ఫోన్ చేసి "బామ్మర్దీ, పొద్దున్నే వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అన్నాడు. "బావా, ఆర్‌సీ చూసేదాకా జేబులో చెయ్యి పెట్టకు" అని చెప్పి పడుకున్నాను.

పొద్దున్నే వెళ్లాం. బానెట్ మీద ఒక సొట్ట ఉంది. "కొబ్బరికాయ పడిందండి" అన్నాడు అమ్మే ఆయన. కోనసీమలో ఆ మాట కాదనడానికి లేదు. ఆయన చెప్పిన మిగతా మాటలు మాత్రం ఒక్కోటీ కాగితంతో సరిచూసుకున్నాం. ఎలా చూశామో చెప్తాను.

[దృశ్యం: తెర మీద అక్షరాలు – "మన ఆర్‌ఎస్ వేరు, వాళ్ల ఆర్‌ఎస్ వేరు"]

ముందు ఈ కారు సంగతి. మొదటి తరం ఆక్టేవియా మన దేశానికి 2001లో వచ్చింది. ఔరంగాబాద్ ఫ్యాక్టరీలో బిగించేవాళ్లు. మన జిల్లాల్లో డాక్టర్లు, రైస్ మిల్లు వాళ్లు, రొయ్యల చెరువుల వాళ్లు ఎక్కువగా తిప్పింది 1.9 లీటర్ల డీజిల్, 90 పీఎస్. పీఎస్ అంటే దాదాపు హార్స్ పవరే. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం, లేని 2.0 లీటర్ల పెట్రోల్ కూడా ఉండేది. 2004లో ఆర్‌ఎస్ దిగింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, సిలిండర్‌కి ఐదు చొప్పున ఇరవై వాల్వులు, 150 పీఎస్.

150 అండి, 180 కాదు. యూరప్‌లో అమ్మిన మొదటి తరం ఆర్‌ఎస్‌కి 180 పీఎస్. పేరు ఒకటే, ఇంజిన్ కుటుంబం ఒకటే, ట్యూనింగ్ వేరు. తర్వాత 2011లో లారా ఆర్‌ఎస్, అంటే రెండో తరం ఆక్టేవియా ఆర్‌ఎస్, మన దగ్గరికి వచ్చినప్పుడూ ఇంతే. అక్కడ 2.0 లీటర్లు, 200 పీఎస్. మనకి 1.8 లీటర్లు, 160 పీఎస్. బయట వాళ్లకి దొరికే పవర్‌తోనే ఆర్‌ఎస్ మన దగ్గరికి రావడానికి 2017 దాకా పట్టింది, ఆ 230 పీఎస్ కారు.

అందుకే పాత ఆర్‌ఎస్ ప్రకటనలో 180 అని కనపడితే మూడింట్లో ఏదో ఒకటి. అమ్మేవాడు విదేశీ బ్రోచర్ చూసి రాశాడు, లేదా రీమ్యాప్ చేయించాడు, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించాడు, లేదా ఊరికే రాశాడు. రీమ్యాప్ అంటే ఎక్కడ చేయించారో చెప్పగలగాలి, బిల్లు ఉండాలి. ఇంకో సంగతి. బయటి ఆర్‌ఎస్‌కి 17 అంగుళాల చక్రాలు, ముందు 312 మిల్లీమీటర్ల బ్రేక్ డిస్కులు ఉంటాయి. ఆ కొలతలు పట్టుకెళ్లి ఇక్కడి కారు ముందు టేపు పెట్టకండి. అలా చేస్తే అసలు కారుని నకిలీ అనే ప్రమాదం ఉంది.

[దృశ్యం: ఆర్‌సీ స్మార్ట్ కార్డు నమూనా, వివరాలు చెరిపేసింది. సీసీ గడి చుట్టూ ఎర్ర గీత.]

ఇప్పుడు ఆర్‌సీ. మా బావ అడగ్గానే అమ్మే ఆయన "బీరువాలో ఉందండి, మా ఆవిడ తాళాలు పట్టుకుని పుట్టింటికి వెళ్లింది" అన్నాడు. సరే, వాట్సాప్‌లో ఫోటో పెట్టించమన్నాం. అరగంటకి వచ్చింది. ఈలోగా రెండు కొబ్బరి బోండాలు అయ్యాయి.

ఆర్‌సీలో మోడల్ అనే గడిని నమ్మి కూర్చోకండి. చాలా పాత కార్డుల మీద వట్టి ఆక్టేవియా అనే ఉంటుంది. మీరు చూడాల్సింది సీసీ, అంటే ఇంజిన్ సైజు. ఈ కారుకి మూడు అంకెలు గుర్తుంటే చాలు. డీజిల్ అయితే 1896. టర్బో లేని పెట్రోల్ అయితే 1984. 1.8 టర్బో పెట్రోల్ అయితే 1781. బ్యాడ్జి నాలుగు వందలకి దొరుకుతుంది, ఆర్‌టీవో రికార్డులో సీసీ మార్చాలంటే అంత తేలిక కాదు.

మా ఫోటోలో 1984 అని ఉంది. "1984 మోడలా! 2005 అన్నాడు కదరా" అన్నాడు మా బావ. ఆయన్ని పక్కకి తీసుకెళ్లి విషయం చెప్పాల్సి వచ్చింది.

అమ్మే ఆయనకి అది కొత్త ప్రశ్న కాదనుకుంటాను, వెంటనే "ఆఫీసులో టైపింగ్ మిస్టేక్ అండి" అన్నాడు. అలాంటి తప్పులు నిజంగానే పడతాయి కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోకూడదు. ఇంజిన్ నంబర్ చూడాలి. స్కోడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఇంజిన్ నంబర్ మొదటి మూడు అక్షరాలే ఇంజిన్ కోడ్. ఏజీయూ, ఏయూఎమ్ లాంటివి 150 పీఎస్ టర్బోవి. ఏయూక్యూ అంటే విదేశీ 180 పీఎస్‌ది. ఏక్యూవై, ఏజెడ్‌జే లాంటివి 2.0 లీటర్ల పెట్రోల్‌వి. ఇదే కోడ్ బానెట్ ఎత్తితే టైమింగ్ బెల్ట్ పై మూత మీద అంటించిన చీటీలోనూ ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఇంజిన్ బ్లాక్ మీద చెక్కి కూడా ఉంటుంది, కాకపోతే మట్టి, ఆయిల్ తుడిచి టార్చి వేస్తే గాని కనపడదు.

ఆ ఎర్ర కారులో ఆర్‌సీ, చీటీ, బ్లాక్ మూడూ ఒకే కోడ్ చెప్పాయి. ఏజెడ్‌జే. అంటే అది మంచి 2.0 పెట్రోల్ కారే. టర్బో అనేది దాని జన్మలో లేదు.

[దృశ్యం: బానెట్ కింద ముందు కుడి మూల. వేలుతో చూపించడం.]

ఇంకొందరు టర్బో ఉందని చూపించడానికి ముందు కుడి చక్రం దగ్గర ఇంటర్‌కూలర్‌ని, అంటే టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేదాన్ని, చూపిస్తారు. టర్బో డీజిల్‌కీ ఇంటర్‌కూలర్ అక్కడే ఉంటుంది, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. టర్బో ఇంజిన్ వెనక, క్యాబిన్ గోడ వైపు ఉంటుంది, పైనుంచి చూస్తే సరిగ్గా కనపడదు. ఇరవై వాల్వుల టర్బో పెట్రోల్ ఇంజిన్ అయితే పై ప్లాస్టిక్ మూత తీస్తే నాలుగు స్పార్క్ ప్లగ్‌ల మీద నాలుగు కాయిళ్లు విడివిడిగా కూర్చుని ఉంటాయి. ఇది చూడటానికి మెకానిక్ కూడా అక్కర్లేదు.

[దృశ్యం: భీమవరం శివారు. చేపల చెరువు గట్టు, పక్కనే షెడ్డు, అందులో వెండిరంగు ఆక్టేవియా.]

రెండు నెలల తర్వాత భీమవరం వైపు ఇంకో కారు దొరికింది. ఆర్‌సీలో సీసీ 1781. ఇంజిన్ కోడ్ టర్బోది. మా బావ మొహం వెలిగింది. నేనే కాస్త ఆపాను. 1781 అంటే టర్బో అని మాత్రమే అర్థం. బయటి దేశాల్లో ఇదే ఇంజిన్ ఆర్‌ఎస్ కాని ఆక్టేవియాల్లోనూ వచ్చింది. అదే కంపెనీ గ్రూపు కార్లు, గోల్ఫ్ నుంచి ఆడి ఏ4 దాకా, 1.8 టర్బో వాడాయి. ఇంజిన్ మార్చిన కారైనా కావచ్చు. టర్బో అవునా అన్నది ఒక ప్రశ్న, ఆర్‌ఎస్ అవునా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటికీ ధరలో తేడా ఉంటుంది.

ఛాసిస్ నంబర్ ఇందుకు సాయం చేస్తుందా అంటే, కొంతే. పదిహేడు అక్షరాల నంబర్ టీఎంబీతో మొదలవుతుంది. ఏడు, ఎనిమిది స్థానాల్లో 1యూ అని ఉంటే మొదటి తరం ఆక్టేవియా. పదో స్థానంలో మోడల్ సంవత్సరం, 4 అంటే 2004, 5 అంటే 2005. అయితే 1యూ అనేది డీజిల్ టాక్సీకీ ఉంటుంది, ఆర్‌ఎస్‌కీ ఉంటుంది. ఈ నంబర్‌తో తేలేది ఏమిటంటే ఆర్‌సీ మీదిదీ, బానెట్ కింద బాడీ మీద చెక్కిందీ, అద్దం దగ్గరిదీ ఒకటేనా కాదా అని.

[దృశ్యం: డిక్కీ తెరిచి, స్టెప్నీ టైరు ఎత్తి, గుంతలోని తెల్ల స్టిక్కర్ దగ్గరగా.]

ట్రిమ్, అంటే కారు ఆర్‌ఎస్సా మామూలు రకమా అన్న సంగతి తేల్చేది ఇదిగో ఈ స్టిక్కర్. డిక్కీలో స్టెప్నీ టైరు గుంతలో ఉంటుంది. దీని కాపీ సర్వీస్ బుక్ మొదట్లో కూడా అంటిస్తారు. ఇందులో ఛాసిస్ నంబర్, తర్వాత ఆరు అక్షరాల మోడల్ కోడ్, ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, పెయింట్ కోడ్, లోపలి సీట్ల గుడ్డ కోడ్, కింద వరసగా ఫ్యాక్టరీలో పెట్టిన సామాను కోడ్‌లు. ఆరు అక్షరాల కోడ్‌లో మొదటి మూడు బాడీవి, నాలుగోది ట్రిమ్‌ది, అయిదోది ఇంజిన్‌ది, ఆరోది గేర్‌బాక్స్‌ది. నాలుగో అక్షరం ఏ ట్రిమ్‌కి చెందిందో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో విడిభాగాల కౌంటర్ వాళ్లు క్యాటలాగ్‌లో చూసి చెప్పగలరు. మర్యాదగా అడగండి, మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లకండి.

కానీ మన గోదావరి జిల్లాల్లో ఈ స్టిక్కర్‌కి ఒక శాపం ఉంది. కారులోకి నీళ్లు వస్తే ముందు చేరే చోటుల్లో స్టెప్నీ గుంత ఒకటి. 2022 జూలై వరదలో లంక గ్రామాల్లో కార్లు మునిగాయి. వరద రాకపోయినా, డిక్కీ రబ్బరు పాడైతే ఒక్క తుపానుకి గుంత నిండుతుంది. నరసాపురం వైపు ఉప్పు గాలి సరే సరి. అందుకని స్టిక్కర్ లేకపోతే అమ్మేవాడు దొంగ అనుకోకండి, అలాగని వదిలెయ్యకండి. గుంతలో తుప్పు, మట్టి చార, చెదిరిన కాగితం ముక్కలు ఉంటే నీళ్లు తీసుకెళ్లాయని అర్థం. ట్రిమ్ బెంగ పోతుంది, వరద బెంగ మొదలవుతుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, చివరి జానెడులో బురద రంగు గీత ఉంటే చెప్పక్కర్లేదు. గుంత శుభ్రంగా, పెయింట్ మెరుస్తూ, స్టిక్కర్ ఒక్కటే గీకేసినట్టుంటే మాత్రం సర్వీస్ బుక్ అడగండి.

భీమవరం కారులో స్టిక్కర్ సగం ఉంది. పై సగం, అదృష్టం. మోడల్ కోడ్ పూర్తిగా కనపడింది. ఫోటో తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. క్యాటలాగ్‌లో ఆర్‌ఎస్ అనే వచ్చింది. పెయింట్ కోడ్ ఇప్పటి రంగుతో సరిపోయింది.

సీట్లు, స్పాయిలర్, పెడళ్లు, గేర్ నాబ్ గురించి పెద్దగా చెప్పను. బోల్టు విప్పితే వచ్చేవి, బోల్టు బిగిస్తే ఉండేవి. ఒక్క మాట. ముందు సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఎక్కడా తగిలించకుండా వేలాడుతుంటే ఆ సీటు వేరే కారు నుంచి వచ్చి ఉండొచ్చు. సీటు బెల్టు అడుగున లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది, అది కారు వయసుతో కుదరాలి. ఇంకోటి, ఆటోమేటిక్ గేర్‌తో ఈ తరం ఆర్‌ఎస్ ఎక్కడా రాలేదు. ఐదు గేర్ల మాన్యువలే.

[దృశ్యం: ల్యాప్‌టాప్, కేబుల్, ఓబీడీ పోర్టు. గట్టు రోడ్డు మీద కారు వెళ్తున్న దృశ్యం.]

చివరిగా స్కానర్. ఈ గ్రూపు కార్లకి పనికొచ్చే స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ కంప్యూటర్ తన పార్ట్ నంబర్, ఇంజిన్ రకం చెప్తుంది. స్కానర్‌లో 115 నంబర్ బ్లాక్ తెరిస్తే అడిగిన బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), వచ్చిన బూస్ట్ పక్కపక్కనే చూడొచ్చు. గాలి ఎన్ని గ్రాములు పీలుస్తోందో కూడా చూడండి. సెకనుకి వచ్చిన గ్రాముల్ని 0.8తో భాగిస్తే హార్స్ పవర్ సుమారుగా వస్తుంది. 150కి దాదాపు 120 గ్రాములు రావాలి. మే నెల మధ్యాహ్నం అంత రాకపోతే కంగారు పడకండి, వేడి గాలి పలచగా ఉంటుంది. మాకు 113 వచ్చింది. పాత కారుకి అది బాగున్నట్టే.

కాగితాల సంగతి ఒక్క ముక్క. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఈ కార్లన్నిటికీ ఆ గడువు దాటిపోయింది. ఫారం 25తో రెన్యువల్ అయిందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది అని ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి. కర్ణాటక, మహారాష్ట్ర నంబర్ అయితే ఫారం 28 ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి.

[దృశ్యం: వెండిరంగు ఆక్టేవియా మా బావ ఇంటి ముందు. అత్తయ్య డిక్కీలోకి తొంగి చూస్తూ.]

మా బావ ఆ వెండి కారే కొన్నాడు. దాని డిక్కీ మీద ఆర్‌ఎస్ బ్యాడ్జి లేదు. పాత ఓనర్ గుద్దించి డిక్కీ డోర్ మార్చినప్పుడు మళ్లీ అంటించలేదట. మా వాడూ అంటించలేదు.

పోయిన వారం ఎర్ర కారు ప్రకటన మళ్లీ కనపడింది. ఈసారి 200 హెచ్‌పీ అని పెట్టారు. సొట్ట అలాగే ఉంది.