రోబో దగ్గర ఎడమకి తిరగండి

(స్క్రీన్ మీద: జోహాన్నెస్‌బర్గ్, నాలుగు రోడ్ల కూడలి)

దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో ఎవరినైనా దారి అడిగారనుకోండి. "రోబో దగ్గర ఎడమకి తిరగండి" అంటారు. రోబో కోసం వెతుక్కుంటూ పోతే రాత్రి దాకా దొరకదు. అక్కడ రోబో అంటే ట్రాఫిక్ సిగ్నల్! ఇంగ్లీష్ మాట అదే, దేశం మారితే అర్థం మారిపోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తెలియని మాటైతే ఆగి అడుగుతాం. తెలిసిన మాటని ఎవరడుగుతారు?

ఆ ఊళ్లోనే ఇంకోటి, "జస్ట్ నౌ". "జస్ట్ నౌ వస్తా" అన్నారని గుమ్మంలో నిలబడకండి. ఆఫ్రికాన్స్ భాషలోని 'నెట్‌నౌ' నుంచి దిగిన అర్థం అది. కాసేపాగి, ఎప్పుడో ఒకప్పుడు వస్తారన్నమాట. త్వరగా వచ్చేవాళ్లు "నౌ నౌ" అంటారు. మన "ఇదిగో బయల్దేరా" లాంటిదే, అన్నవాడు ఇంకా స్నానం కూడా చేసి ఉండడు.

(స్క్రీన్ మీద: హవాయి చెప్పులు)

ఇవి ఆస్ట్రేలియాలో థాంగ్స్, పక్కనే న్యూజిలాండ్‌లో జాండల్స్. అమెరికా షాపులో థాంగ్స్ అడిగితే లోదుస్తుల వైపు చెయ్యి చూపిస్తారు. ప్యాంట్స్ కూడా అంతే: అమెరికాలో పైకి వేసుకునేవి, లండన్‌లో లోపల వేసుకునేవి. ఆఫీసులో "నైస్ ప్యాంట్స్" అని మెచ్చుకునే ముందు ఏ దేశంలో ఉన్నారో చూసుకోండి.

ఇవి నవ్వుకోడానికి సరే. ఇంకొకటుంది, నవ్వురానిది.

1951 ఏప్రిల్, కొరియా యుద్ధం. ఇమ్జిన్ నది దగ్గర గ్లోస్టర్స్ అనే బ్రిటిష్ దళాన్ని చైనా సైన్యం చుట్టుముట్టింది. పరిస్థితి ఎలా ఉందని పైనున్న అమెరికన్ జనరల్ అడిగితే, బ్రిగేడియర్ టామ్ బ్రోడీ "స్టికీ"గా ఉందన్నాడట. బ్రిటిష్ అధికారి నోట ఆ మాట వచ్చిందంటే పీకల మీదకొచ్చినట్టే. అమెరికన్ చెవికి మాత్రం "కాస్త ఇబ్బంది, నెట్టుకొస్తాంలే" అన్నట్టు వినపడింది. చివరికి 500 మందికి పైగా బందీలయ్యారు. తప్పంతా ఒక్క మాట మీద తోసేయలేం, యుద్ధం కదా. అయినా ఆ మాట సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

(స్క్రీన్ మీద: ఇంటర్వ్యూ గది)

అమెరికాలో మనవాళ్లు "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటారు. మనకది డిగ్రీ చేతికొచ్చిన సంవత్సరం, వాళ్లకి స్పృహ తప్పిన సంవత్సరం! "గ్రాడ్యుయేటెడ్" అంటే గొడవ లేదు. బ్రిటన్‌లో ఎవరైనా "యూ ఆల్‌రైట్?" అంటే మాత్రం, మొహం పీక్కుపోయిందేమోనని అద్దం వెతకకండి. పలకరింపే అది. మీరూ అదే అనేసి నడిచిపోవచ్చు.

తర్వాతి వీడియో జస్ట్ నౌ పెడతా. జోహాన్నెస్‌బర్గ్ లెక్కలో.