ఉప్పుగాలి ఊళ్ళో పాత యెజ్డీ

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఇళ్ళల్లో ఏ సెల్లార్ మూలనో, మెట్ల కిందనో ఒక పాత బండి ఉండే ఉంటుంది. నాన్నగారు ఆఫీసుకి వేసుకెళ్ళిందో, మావయ్య అమ్మడానికి మనసొప్పక వదిలేసిందో. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించడం ఇంట్లోనే చేసుకోగలిగిన పని. ఈ మాట ధైర్యంగా చెబుతాను. అయితే విశాఖలో ఉన్నవాళ్ళకి ఒక సంగతి ముందే చెప్పాలి. వరంగల్లో ఏళ్ళ తరబడి మూలనపడ్డ బండికీ, మన లాసన్స్ బే కాలనీలో అన్నేళ్ళూ మూలనపడ్డ బండికీ పోలిక లేదు. అక్కడ దుమ్ము పడుతుంది, ఇక్కడ ఉప్పు పడుతుంది. దుమ్ము గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. ఉప్పు లోపలికి దిగుతుంది. అందుకని ఇవాళ నేను చెప్పేదంతా ఒక్కటే: మెరుగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు, ముందు తడీ ఉప్పూ ఎక్కడెక్కడ దూరాయో వెతికి పట్టుకోండి.

నాకు బాగా తెలిసిన బండి యెజ్డీ మోటార్‌సైకిల్ కాబట్టి దాని గురించే మాట్లాడతాను. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి మొదట జావా పేరుతో, తర్వాత యెజ్డీ పేరుతో ఈ బండ్లు తయారుచేసింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 248.5 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను, ఒకే సిలిండర్, దానికి రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. కిక్కు కొట్టాక దాన్ని ముందుకి తిప్పితే గేరు రాడ్డవుతుంది. ఇంజన్లో వాల్వులు లేవు, టాపెట్లు లేవు, టైమింగ్ చైను లేదు. పిస్టను, రింగులు, క్రాంకు (పిస్టను ఆడే కదలికని గుండ్రంగా తిప్పే ఇరుసు), బేరింగులు, సీళ్ళు, అంతే. ఇంట్లో మొదటిసారి ఇంజను విప్పాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి బండి నాకు తెలియదు.

ఇక ఉప్పు దగ్గరికి వద్దాం. ఇదిగో, ఈ క్లచ్ కవరు చూడండి. ఇది అల్యూమినియం. దీన్ని ఇంజనుకి బిగించే స్క్రూలు ఇనుపవి. రెండు వేరువేరు లోహాలు తగులుకుని ఉన్నచోట ఉప్పుతడి చేరితే అక్కడ కరెంటు పుట్టి, అల్యూమినియం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తోంది కదా, అదే ఆ కరిగిన అల్యూమినియం. ఈ పొడి స్క్రూ మరల సందుల్లో గట్టిపడి స్క్రూని పట్టేస్తుంది. మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే గాడి చెడిపోతుందే తప్ప స్క్రూ కదలదు. ముందురోజు రాత్రే డీజిలూ గేరాయిలూ కలిపి చుట్టూ పోసి ఉంచండి. పొద్దున్న కవరుని, స్క్రూని కాదు, హాట్ ఎయిర్ గన్‌తో వేడిచెయ్యండి. ఇనుము కంటే అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు సాగుతుంది, పట్టు వదులుతుంది. అప్పుడు సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి ఒక్కటివ్వండి. ‘టిక్’మని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినిపించిందంటే స్క్రూ మీదైనట్టే. మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూ మరలకి యాంటీ-సీజ్ గ్రీజు, అంటే మళ్ళీ పట్టేయకుండా ఆపే గ్రీజు, రాయడం మన ఊళ్ళో తప్పనిసరి.

చాలాకాలం ఆగిన బండి దొరకగానే అందరూ చేసే పని కిక్కు కొట్టి చూడటం. దయచేసి కొట్టకండి. పిస్టను బోరులో, అంటే సిలిండర్ లోపలి గొట్టంలో, పట్టేసి ఉంటే, ఆ బలమంతా కిక్కు గేర్ల పళ్ళ మీద పడుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి, సిలిండర్లో డీజిలూ ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ సగం సగం కలిపి పోసి, రోజుల తరబడి వదిలెయ్యండి. తగ్గితే మళ్ళీ పొయ్యండి. తర్వాత బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. టాప్ గేరే ఎందుకంటే, చక్రం నుంచి క్రాంకు మీదికి ఎక్కువ బలం వెళ్ళేది అందులోనే. ఒకసారి చైను కాస్త వదులైనట్టు అనిపిస్తుంది, తర్వాత కొద్దిగా కదులుతుంది. కదిలిందని ఆనందంతో గట్టిగా లాగకండి. తుప్పు పొడి రింగుల మధ్య ఉంటుంది, బోరుని గీకేస్తుంది. ఆ కదలిక హెడ్డూ సిలిండరూ విప్పుకోవడానికి సరిపోతే చాలు.

బోరులో వేలు పెట్టి తడిమితే గోరుకి గాడి తగులుతోందా? అయితే బోరు కొట్టించాల్సిందే, అంటే ఆ గొట్టాన్ని లోపల కాస్త వెడల్పుగా చెక్కించాల్సిందే. ఆ పని ఇంట్లో అవ్వదు. ముందు పిస్టను కొనండి, 0.25 మిల్లీమీటర్లో 0.50 మిల్లీమీటర్లో ఓవర్‌సైజుది. ఆ పిస్టన్ని చేతిలో పట్టుకుని లేత్ షాపుకి వెళ్ళండి. బోరు ఆ పిస్టనుకి తగ్గట్టు కొట్టాలి, పుస్తకంలో అంకెకి తగ్గట్టు కాదు. మనం అదృష్టవంతులం. షిప్‌యార్డు, పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరిది. ఇనుముతో బతికే చేతులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. గాజువాక ఆటోనగర్లోనో, మర్రిపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపో పెద్ద వయసు టర్నర్లని వెతికి పట్టుకోండి. వాళ్ళ దగ్గర కూర్చుని టీ తాగుతూ పని చూడండి. కొలత తీశాక కూడా పిస్టన్ని నూనె లేకుండా బోరులో వదిలి, అది ఎంత నెమ్మదిగా జారుతుందో చూసే మనిషి దొరికితే ఆయన్ని వదలకండి.

టూ-స్ట్రోకులో అసలు ప్రాణం ఆయిల్ సీళ్ళలో ఉంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తగా బోరు కొట్టించిన ఇంజను నెలలోపే మళ్ళీ పట్టేసిందని వచ్చేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. టూ-స్ట్రోకులో పెట్రోలూ గాలీ ముందు క్రాంకు ఉన్న గదిలోకి వస్తాయి, అక్కడినుంచి పైకి వెళతాయి. అంటే ఆ గది గాలి చొరబడకుండా ఉండాలి. క్రాంకు రెండు చివర్లా ఉన్న రబ్బరు సీళ్ళే దానికి కాపలా. బండి ఏళ్ళ తరబడి ఆగితే సీలు పెదవి ఎండి గట్టిపడుతుంది. దాని కింద క్రాంకు మీద సన్నటి తుప్పు గీత పడుతుంది. ఆ తుప్పు సీలుని ఆకురాయిలా అరగదీస్తుంది.

యెజ్డీలో కుడివైపు డైనమో ఉంటుంది. ఆ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. పెట్రోలు పలచబడుతుంది, అందులోనే కలిసి వచ్చే ఆయిలూ తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను స్పీడు దిగదు, పైకే పోతుంది. చాలామంది అది విని ఇంజను హుషారుగా ఉందనుకుంటారు. కాసేపట్లో పిస్టను పట్టేస్తుంది. ఎడమవైపు క్లచ్చు ఆయిల్లో మునిగి ఉంటుంది. ఆ వైపు సీలు పోతే గేరాయిల్ని ఇంజను తాగేస్తుంది. వెనక తెల్లటి దట్టమైన పొగ, ప్లగ్గు తడి, గేరాయిలు మాత్రం ఎన్నిసార్లు పోసినా తక్కువే. ఇదంతా రింగుల తప్పని బోరు కొట్టించుకుని డబ్బు పోగొట్టుకోకండి. సీలు అంచు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో అచ్చయి ఉంటాయి. ఆ కొలతలు రాసుకుని బేరింగుల షాపుకి వెళితే మంచి రకం సీలు దొరుకుతుంది, యెజ్డీ పేరున్న ప్యాకెట్టే కావాలని లేదు. ఇంజను ఒకసారి విప్పారంటే సీళ్ళు బాగున్నట్టు కనిపించినా మార్చెయ్యండి.

పెట్రోలు ట్యాంకు ఇంకో పెద్ద పని. లోపల తుప్పు పొరలుగా ఊడుతుంటే గులకరాళ్ళు పోసి ఊపడం పాత పద్ధతి. నేను చెప్పే పద్ధతి నిదానమైనది, ట్యాంకు రేకు అరగదు. ట్యాంకులో పెట్రోలు వాసన కూడా లేకుండా సబ్బునీళ్ళతో కడిగి, నిండా నీళ్ళు పోసి, లీటరుకి ఒక చెంచాడు వాషింగ్ సోడా కలపండి. మూత దగ్గర్నుంచి ఒక ఇనుప కడ్డీని లోపలికి వేలాడదీయండి, అది ట్యాంకుకి ఎక్కడా తగలకూడదు. పాతరకం బ్యాటరీ ఛార్జర్ ప్లస్ కడ్డీకి, మైనస్ ట్యాంకుకి. తుప్పు వదిలిపోతుంది, కడ్డీ చుట్టూ మురికి పేరుకుంటుంది. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలోకి వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట: బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. డాబా మీదో పెరట్లోనో చెయ్యండి, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు.

కడిగాక మన గాలి తడికి ట్యాంకు లోపల కళ్ళముందే మళ్ళీ నారింజ రంగు తిరుగుతుంది. కాబట్టి ఆలస్యం చెయ్యకుండా హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, డ్రయర్ పక్కన పెట్టేశాక టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి నలువైపులా తిప్పండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కొంచెం పలచబడుతుంది. అందుకని పైపులూ, కార్బొరేటర్ వాషర్లూ కొత్తవి వెయ్యండి, మెయిన్ జెట్టు (కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఒక సైజు పెద్దది వేసి ప్లగ్గు రంగు చూడండి. లేత గోధుమ రంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే ఇంకా పెంచాలి. వారం రోజులకి మించి బండి తీయరనుకుంటే కార్బొరేటర్ ఖాళీ చెయ్యండి.

కరెంటు పని గురించి ఎక్కువ చెప్పను. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లున్న మోడలైతే సన్నటి ఎమెరీతో శుభ్రం చేసి, గ్యాపు దాదాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టి, కండెన్సర్ కొత్తది వేస్తే సగం రోగాలు పోతాయి. ఎర్తు వైరు కింద తుప్పు గీకడం మర్చిపోకండి. బ్రేకు డ్రమ్ములో దుమ్ముని మాత్రం నోటితో ఊదకండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని పారెయ్యండి.

పెయింటు, క్రోమ్. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. ఒరిజినల్ పెయింటు సగమైనా మిగిలి ఉంటే దాన్ని గీకించకండి. రబ్బింగ్ కాంపౌండుతో ఓపిగ్గా రుద్దితే ఆ పాత రంగు ఎంత లోతుగా బయటికొస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది. మైసూరులో చేత్తో గీసిన సన్న గీతల్ని ఇవాళ ఏ స్టిక్కరూ తీసుకురాలేదు. క్రోమ్ మీద చుక్కలు చుక్కలుగా తుప్పుంటే అల్యూమినియం ఫాయిలు ఉండచేసి నీళ్ళలో తడిపి రుద్దండి, చాలావరకు పోతుంది. తర్వాత మైనం పుయ్యండి. మార్కెట్లో దొరికే పల్చటి పూత క్రోమ్ సైలెన్సర్లు మన బీచ్ రోడ్డు గాలికి రెండు వానాకాలాలు ఆగవు. పాత దళసరి సైలెన్సర్నే లోపలి గొట్టం లాగి, బొగ్గు వదిలించి వాడుకోండి. బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి. తడి లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి మేలు.

కాగితాలు కూడా చూసుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ప్రతి అయిదేళ్ళకీ ఆర్సీ రెన్యూవల్ చేయించాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, మార్పులు లేకుండా ఉన్న బండికి 2021 నుంచి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, రుసుము 20,000 రూపాయలు. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. కూరగాయలకి కూడా అదే బండి మీద వెళ్ళాలనుకునేవాళ్ళు పాత నంబరునే కాపాడుకోండి.

ఇంజను కొత్తగా కట్టాక లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. మొదట్లో భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద మెల్లగా, మధ్యమధ్యలో ఆపి చల్లార్చుకుంటూ నడపండి. ఘాట్ రోడ్డు ఎక్కడం కంటే దిగడం దగ్గర జాగ్రత్త. అనంతగిరి దిగేటప్పుడో, సింహాచలం కొండ దిగేటప్పుడో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులోనే వదిలేస్తే ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కదా, పెట్రోలు లేకపోతే ఆయిలూ లేదు. పిస్టను పొడిగా తిరిగి పట్టేస్తుంది. దిగుతున్నంతసేపూ మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పి వదులుతూ ఉండండి. ఎడమచెయ్యి వేళ్ళు రెండు ఎప్పుడూ క్లచ్చు మీదే ఉంచండి.

ఇప్పుడు ముందుకు రండి. ఈ ఇంజను కేసులోంచి డైనమో వైపు సీలు ఎలా తీస్తారో మీచేతే చేయిస్తాను.