ఫారిన్‌లో హాయిగా ఎందుకనిపిస్తుంది? చెప్పులో రాయి లెక్క

నమస్తే. ఈ వీడియో కొంచెం చిరాకుతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

ఏ పెళ్ళికెళ్ళినా భోజనాల దగ్గర ఈ పంచాయితీ తప్పదు. ఎవరో ఒకరు యూరప్ టూర్ నుంచి కొత్తగా దిగి ఉంటారు. "అబ్బ, అక్కడ లైఫంటే లైఫండీ. మనదీ ఒక బతుకేనా" అని మొదలుపెడతారు. వెంటనే ఎదురు వరసలోంచి ఒక పెద్దాయన అప్పడం విరుస్తూ, "డబ్బుంటుంది గానీ మనశ్శాంతి ఉండదయ్యా వాళ్ళకి" అని తీర్పు చెప్పేస్తారు. ఆయనకి పాస్‌పోర్టు కూడా ఉండదు, అది వేరే సంగతి. పెరుగన్నం వచ్చేదాకా ఇదే వాదన. ఎవరి చేతిలో ఎవరు ఓడిపోయారో తెలీకుండానే చేతులు కడుక్కుంటారు.

ఇద్దరూ తప్పే అంటాను నేను. ఆనందం అక్కడ ఎక్కువా, ఇక్కడ ఎక్కువా అని కొట్టుకుంటారు గానీ, అక్కడ మనకి కలిగింది అసలు ఆనందమేనా అని ఒక్కరూ అడగరు.

ఫిన్లాండ్ పేరెత్తకుండా ఈ టాపిక్ నడవదు కాబట్టి ముందు దాన్ని కానిచ్చేద్దాం.

(స్క్రీన్ మీద: 0 నుంచి 10 మెట్లున్న నిచ్చెన)

2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదేళ్ళు వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్‌లో ఫస్ట్ ర్యాంకు వాళ్ళదే. 2025లో మనది 118. ఈ ర్యాంకులు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో సగం మంది ఏడుస్తారు, సగం మంది కుట్ర అంటారు. కానీ అందులో "మీరు ఆనందంగా ఉన్నారా" అని ఎవర్నీ అడగరు. ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. పై మెట్టు 10, అంటే మీకు సాధ్యమైన వాటిలో అన్నిటికన్నా మంచి జీవితం. కింద 0, అన్నిటికన్నా అధ్వాన్నమైనది. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీదున్నారు? ఇదీ ప్రశ్న. హ్యాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో తెచ్చిన పద్ధతి. గ్యాలప్ సంస్థ ఏటా ఒక్కో దేశంలో సుమారు వెయ్యి మందిని అడిగి లెక్క తీస్తుంది.

నిన్న నవ్వారా, నిన్న సరదాగా గడిచిందా అని అదే గ్యాలప్ వాళ్ళు విడిగా అడుగుతారు. ఆ లిస్టులో చాలా ఏళ్ళు పైనున్నది పరాగ్వే. ఫిన్లాండ్ కాదు. అందుకే ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి వెళ్ళినవాళ్ళు బస్‌స్టాప్‌లో మొహాలు చూసి, వీళ్ళా నంబర్ వన్ అని నోరెళ్ళబెడతారు. డిసెంబర్‌లో అక్కడ పగలు సుమారు ఆరు గంటలే. వాతావరణం చూసి వచ్చిన ఆనందం అయితే కచ్చితంగా కాదు.

మరి ఏడో మెట్టు దాటి ఎలా నిలబడ్డారు?

ఇక్కడ నా ఫేవరెట్ ఉదాహరణ. చెప్పులో రాయి. చిన్నప్పుడు బళ్ళో బట్టీ పట్టిందే, కొత్తదేం కాదు. కాలు విరిగితే అది కష్టం, అందరూ చూడ్డానికి వస్తారు, పళ్ళు తెస్తారు. చెప్పులో రాయి పడితే ఎవరూ రారు. అది కష్టం కాదు. కానీ అడుగడుక్కీ గుచ్చుతుంది. మనకేం చేస్తుందంటే, కొన్నాళ్ళకి పాదం కొంచెం పక్కకి వేసి నడవడం అలవాటు చేస్తుంది. ఇంకొన్నాళ్ళకి ఆ వంకర నడకే మన నడక అనుకుంటాం. ఫారిన్ వెళ్ళినప్పుడు జరిగేది ఏంటంటే, మొదటి రెండు మూడు రోజుల్లో ఆ రాయి తీసేస్తారు. అంతే. దాన్నే మనం "అబ్బ, లైఫంటే లైఫ్" అంటున్నాం.

ఒక చోటు చూపిస్తా. సింగపూర్, లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్. కింద చేపలూ కూరగాయలూ అమ్మే మార్కెట్, పక్కనే తిండి స్టాళ్ళు. మధ్యాహ్నం పన్నెండున్నర, కుర్చీ దొరకడం కష్టం. మెడలో ఆఫీసు ట్యాగు వేసుకున్న ఒకావిడ వచ్చి, ఖాళీ టేబుల్ మీద చిన్న టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళిపోయింది. మహా అయితే కొన్ని రూపాయల సరుకు. అంత రద్దీలో ఎంతమంది ప్లేట్లు పట్టుకుని తిరిగినా ఆ టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆవిడ తాపీగా చేపల పులుసు అన్నం తెచ్చుకుని కూర్చుంది. తిన్నాక ట్రే తీసుకెళ్ళి స్టాండులో పెట్టింది.

మనవాళ్ళు ఇది చూసి "సంస్కారం అండీ, రక్తంలో ఉండాలి" అంటారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ట్రే తిరిగి పెట్టడం రక్తంలో లేదు. ఎన్నో ఏళ్ళు బతిమాలి చూసి, 2021 సెప్టెంబర్ నుంచి పెట్టకపోతే ఫైన్ అన్నారు. అప్పట్నుంచి పెడుతున్నారు. టిష్యూ ప్యాకెట్ సంగతంటారా, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసే జాతి మనది. దిల్‌సుఖ్‌నగర్‌లో వేసిన కర్చీఫ్‌కి బస్సులో ఎంత గౌరవం ఉంటుందో నేను చెప్పాలా? కాబట్టి రక్తం గొడవ వదిలేయండి. రాయిని ఎవరో ఒకరు వంగి తీశారు, అంతవరకే.

ఇప్పుడు మన వంకర నడక చూద్దాం.

(స్క్రీన్ మీద: అమీర్‌పేట, సాయంత్రం ఆరున్నర)

క్యాబ్ బుక్ చేస్తారు. బుక్ అయింది, బండి నంబర్ వచ్చింది, నాలుగు నిమిషాలు అంది. వెంటనే మనం ఏం చేస్తాం? ఫోన్ చేతిలోనే పట్టుకుంటాం. ఎందుకంటే కాల్ వస్తుందని తెలుసు. వస్తుంది. "సార్, డ్రాప్ ఎక్కడ?" చెప్తాం. "క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అంటాం. రెండు సెకన్లు మౌనం. "సార్, మీరే క్యాన్సిల్ చేయండి." ఆ రెండు సెకన్ల మౌనం ఉంది చూశారా, అది రాయి. డ్రైవర్‌ని తిట్టట్లేదు, ఆయన చెప్పులో ఇంకో రాయి ఉంది, డబ్బు చేతికి వచ్చేసరికి పట్టే టైమూ, కటింగులూ. నేను చెప్పేది ఏంటంటే, మనం దీన్ని సమస్య అని కూడా అనుకోం. అరగంట ముందే బుక్ చేస్తాం. క్యాష్ పెట్టుకుని తిరుగుతాం. మొదలే ఫోన్ చేసి "అన్నా, క్యాష్ ఇస్తా, రండి" అంటాం. అదే వంకర నడక.

ఇంకా చెప్పమంటారా? కూకట్‌పల్లిలో ఫుట్‌పాత్ మీద నడవాలంటే బైకు, ట్రాన్స్‌ఫార్మర్, పానీపూరీ బండి దాటుకుని మళ్ళీ రోడ్డు మీదకే రావాలి. అందుకని అసలు ఫుట్‌పాత్ వైపు చూడ్డమే మానేశాం. పొద్దున లేవగానే సంపులో నీళ్ళు చూస్తాం. ఒక్కొక్కటీ చిన్నదే. ఒకటి చెప్పి ఏడిస్తే, దీనికేనా అంటారు.

వియన్నాలోనో సింగపూర్‌లోనో రోడ్డు దాటబోతే కారు ఆగుతుంది. మొదటిసారి మనం భయపడి వెనక్కి జరుగుతాం. వాడు వెళ్ళమని చెయ్యి ఊపుతాడు. మనం వంగి దండం పెట్టినంత పనిచేసి, పరుగెత్తి దాటేస్తాం. పరుగెత్తక్కర్లేదు అసలు. కానీ రాయి తీసినా కాలు ఇంకా వంకరగానే పడుతోంది కదా.

ఇక్కడొక మెలిక. రాయి తీసేశాక ఎవరైనా గంతులేస్తారా? ఒక్క నిమిషం హమ్మయ్య అనుకుంటారు, నడిచిపోతారు, మర్చిపోతారు. ఫిన్లాండ్‌వాళ్ళు నవ్వకపోవడానికి ఇంతకన్నా పెద్ద రహస్యం నాకైతే కనిపించదు. వాళ్ళకి ఆ చెప్పు అలాగే తెలుసు.

నమ్మరా? మనకే జరిగింది. చిల్లర గుర్తుందా? కిరాణా కొట్టులో "చిల్లర లేదు, చాక్లెట్ తీస్కోండి". ఆటో దిగాక మీ దగ్గర వంద నోటు, ఆయన దగ్గర ఏమీ లేదు, ఇద్దరూ కలిసి పాన్ డబ్బా వెతుక్కోవడం. కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసివ్వడం, దిగేటప్పుడు అది మర్చిపోవడం. 2016లో యూపీఐ వచ్చింది. కొన్నేళ్ళలో ఇరానీ కేఫ్‌లో చాయ్‌కీ, రోడ్డు పక్క మొక్కజొన్న పొత్తుకీ స్కాన్ కొట్టేస్తున్నాం. తరతరాల రాయి పోయింది! ఎవరైనా ఈ రోజు పొద్దున లేచి "ఆహా, చిల్లర బాధ లేదు" అని ఆనందపడ్డారా? లేదు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు పడతారు. అక్కడ కొన్ని బేకరీల్లో ఇప్పటికీ క్యాష్ మాత్రమే అని బోర్డు ఉంటుంది. వాళ్ళు మన కొబ్బరిబొండాల బండి మీద క్యూఆర్ కోడ్ చూసి ఫోటో తీసుకుంటారు. అప్పుడు మనం వాళ్ళని చూసి నవ్వుకుంటాం.

దీనికి పరిశోధన కూడా ఉంది. 2010లో వచ్చిన ఒక పరిశోధన కోసం నెదర్లాండ్స్‌లో పదిహేను వందల మందికి పైగా జనాన్ని పరిశీలించారు. టూర్‌కి వెళ్ళబోయేవాళ్ళు, వెళ్ళనివాళ్ళ కన్నా ముందునుంచే ఎక్కువ ఆనందంగా ఉన్నారు. వెళ్ళొచ్చాక? దాదాపు తేడా లేదు. చాలా ప్రశాంతంగా గడిపామన్నవాళ్ళకి మాత్రం కొంచెం మిగిలింది, అదీ కొన్ని వారాలే. ఇది చదివి నాకు చిలుకూరు గుర్తొచ్చింది. వీసా బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేస్తున్నప్పుడు ఒక్కొక్కరి మొహం చూడండి, ఎంత వెలుగుంటుందో. వీసా వచ్చాక మొక్కు తీర్చడానికి 108 చేసేవాళ్ళ మొహాలు కూడా చూడండి. వాళ్ళు లెక్కపెట్టుకుంటుంటారు.

తిరిగొచ్చే రోజు కూడా అంతే. శంషాబాద్‌లో దిగుతాం, ఎయిర్‌పోర్ట్ బాగుంటుంది, రోడ్డు బాగుంటుంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పదకొండు కిలోమీటర్లు పైనుంచి జారిపోతాం. మన ఊరు కూడా తక్కువేం కాదు అనుకునేలోపు మెహదీపట్నంలో కిందికి దిగుతాం. రాయి అక్కడే ఎదురుచూస్తూ ఉంటుంది, మన సైజే.

ఇప్పుడు మన పెద్దాయన వైపు. ఆయన పూర్తిగా తప్పేం కాదు. మనం టూరిస్టుగా వెళ్ళి వేసుకున్నది ఇంకొకరి చెప్పులు, పదిరోజులకి. పదో రోజుకి అవి కరవడం మొదలుపెట్టేలోపే విప్పేసి వచ్చేస్తాం. అక్కడ ట్యాక్స్ కట్టలేదు, గిన్నెలు తోమలేదు, మంచులో కారు తవ్వుకోలేదు. చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లల్ని అడగండి, లోను టెన్షన్, పార్ట్‌టైమ్, ఆదివారం రాత్రి ఒంటరిగా వండుకున్న పప్పు. వాళ్ళ చెప్పుల్లో వేరే రాళ్ళు. బ్రిటన్ 2018లో ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టింది, జపాన్ 2021లో పెట్టింది. మంత్రిని పెట్టారంటే రాయి కాస్త పెద్దదే. అమెరికాలో 2023లో ప్రతి నలుగురిలో ఒకరు, నిన్న అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నామని చెప్పారు. అప్పడం విరుస్తూ వాదించడానికి ఎదురు వరస ఉందంటే, ఆ పెద్దాయన చెప్పులో ఈ రాయి లేదు. అందుకే ఆయనకి అది కనపడదు, "మనశ్శాంతి" అని ఏదో పెద్ద పేరు పెట్టేస్తాడు. మరీ మురిసిపోకండి, మన గేటెడ్ కమ్యూనిటీల్లో పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు ఎంతమందికి తెలుసో అడిగితే వీడియో ఇక్కడే ఆపేయాలి.

టైమ్ అయిపోతోంది, ఎడిటర్ వాచీ చూపిస్తున్నాడు. గబగబా రెండు.

ఒకటి, ఏ రాయి ముందు తీయాలి. 2004లో వచ్చిన ఒక పరిశోధన కోసం, అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేసే 909 మంది ఆడవాళ్ళతో నిన్నటి రోజు మొత్తం ఏ పని ఎలా గడిచిందో వరసగా రాయించారు, డేనియల్ కానమన్ అనే సైకాలజిస్టు బృందం. అన్నిటికన్నా విసుగ్గా గడిచిన పని ఏంటి? పొద్దున ఆఫీసుకి ప్రయాణం. ఇంటిపని కన్నా కిందుంది. అలాంటిది మనవాళ్ళు ఇంకో బెడ్‌రూమ్ కోసం ఆఫీసుకి ఇరవై కిలోమీటర్ల దూరం ఇల్లు కొంటారు. బెడ్‌రూమ్ నెలలో అలవాటైపోతుంది. ట్రాఫిక్ అలవాటు కాదు, రోజూ కొత్తగా గుచ్చుతుంది. ఈ రాయి మీ చేతిలో ఉంది. ఫుట్‌పాత్ రాయి మున్సిపల్ కార్పొరేషన్ చేతిలో ఉంది, దానికి ఇంకో వీడియో, ఇంకా ఎక్కువ చిరాకుతో.

రెండోది, పర్సు. పోయిన పర్సు తిరిగొస్తుందని నమ్మే జనం ఆ నిచ్చెన మీద పైన ఉంటున్నారని 2025 హ్యాపీనెస్ రిపోర్ట్ చెప్పింది. జనం అనుకున్నదాని కన్నా నిజంగా తిరిగొచ్చేవే చాలా ఎక్కువ అని కూడా చెప్పింది. 2013లో రీడర్స్ డైజెస్ట్ వాళ్ళు 16 నగరాల్లో పన్నెండేసి పర్సులు పారేసి చూశారు. హెల్సింకిలో 11 తిరిగొచ్చాయి. సరే, అది ఊహించిందే. రెండో స్థానం ఎవరిదో తెలుసా? ముంబై. 9 తిరిగొచ్చాయి. లిస్బన్‌లో ఒక్కటి! ఇది పెళ్ళి భోజనాల్లో ఏ పార్టీ కూడా చెప్పదు.

అన్నట్టు, ఆ పర్సుల్లో యాభై డాలర్ల విలువైన అక్కడి డబ్బుతో పాటు ఒక ఫోన్ నంబర్ కూడా పెట్టారు. మీ పర్సులో ఉందా? ఆధార్ మీద ఉన్న పాత అడ్రస్ కాదు, ఇప్పుడు పనిచేసే నంబర్. ఒక చీటీ మీద రాసి పెట్టేయండి. ఉంటాను మరి.